దక్షిణానికి ఖాళీ పెట్టెలు

వెనక పెట్టె కావాలా, వీపు దిండు కావాలా, రెండిట్లో ఒకటి తేల్చుకోమని షెద్లీ అడిగితే లుత్ఫీ రెండూ కావాలన్నాడు. సోమవారం పొద్దుటినుంచి ఇది నాలుగోసారి. షెద్లీ పానా కింద పెట్టి, చేతులు గుడ్డకి తుడుచుకుని, మోటారుసైకిలు వెనక బిగించిన ఇనప ప్లేటుని వేలితో తట్టి చూపించాడు. ప్లేటు ఒకటే, దానికి రంధ్రాలు నాలుగే. వాటిలో పెట్టె బిగిస్తే దిండుకి చోటు లేదు, దిండు బిగిస్తే పెట్టెకి చోటు లేదు. ఇంత చిన్న లెక్క ఒక మనిషి బుర్రకెక్కడానికి ఒక పూట పడుతుందా అని షెడ్డు గుమ్మం దగ్గర బోర్లించిన నూనెడబ్బా మీద కూర్చున్న లుత్ఫీ భార్య నజీహాకి ఒళ్ళు మండుతోంది.

"ఇద్దరు అత్తగార్లు ఒకే కుర్చీలో కూర్చోరు, సీ లుత్ఫీ," అన్నాడు షెద్లీ.

"ఇంకో ప్లేటు వెల్డింగు చెయ్యి."

"చేస్తాను. అప్పుడు మా చెల్లెలు వెనక చక్రం మీద కూర్చోవాలి. సరేనా?"

మా చెల్లెలన్నది నజీహాని. షెద్లీకి ఆమెకీ చుట్టరికం ఏమీ లేదు. గ్రెమ్దా రోడ్డు నాలుగో కిలోమీటరులో ఉండేవాళ్ళందరికీ అతనే బళ్ళు బాగుచేస్తాడు, అందరి ఆడవాళ్ళూ అతనికి చెల్లెళ్ళే.

ఆమె ఒళ్ళో బండి సీటుంది. నిన్నరాత్రి భోజనాలయ్యేసరికి కుట్టడం పూర్తయింది. కొత్తలో ఆ సీటు చెక్కబల్లలా ఉండేది, పైగా ముందుకి వాలు. కూర్చున్నవాళ్ళు పది నిమిషాలకోసారి ముందుకి జారి నడిపేవాడి వీపుకి అతుక్కుపోవలసిందే. ఆమె దాని తొడుగు పిన్నులు ఒక్కొక్కటే పీకి, రొట్టె కోసే కత్తితో పాత ఫోము సగానికి కోసేసి, అడుగున గట్టిది రెండు వేళ్ళ మందం, పైన మెత్తనిది ఒక వేలు మందం అంటించింది. వెన్నుపూస చివర ఆనేచోట చిన్న పల్లం తీసింది. పైన నల్ల రెక్సిన్. కుట్టు పైభాగాన కాకుండా పక్కలకి వచ్చేలా వేసింది, వాన పడితే నీళ్ళు దారంగుండా లోపలికి దిగకుండా. ఇరవయ్యారేళ్ళు పాతబస్తీ చెప్పుల దుకాణాలకి ఇంట్లో కూర్చుని బూట్ల పైతోళ్ళు కుట్టినదానికి ఇది పెద్ద పని కాదు. ఆ ఇరవయ్యారేళ్ళే ఆమె నడుముని కూడా తినేశాయి. ఆనుకోవడానికి వెనక ఏదీ లేకుండా అరగంట కూర్చుంటే ఎడమకాలు మొద్దుబారిపోతుంది. అందుకే దిండు.

"దిండే," అంది ఆమె లేచి, సీటు షెద్లీకి అందిస్తూ. "పెట్టె వద్దు. రెండు రోజుల ప్రయాణానికి రెండు జతల బట్టలు. వాటికి పెట్టెలెందుకు?"

షెద్లీ సీటుని అటూ ఇటూ తిప్పి, కుట్టు మీద గోరు నడిపి చూసి, ఇది తనకి నేర్పమన్నాడు. దిండు బిగించడం పావుగంటలో అయిపోయింది. హ్యాండిల్ కిందకి రెండంగుళాల దిమ్మలు పెట్టి ఎత్తు చేశాడు, ముందు గాలి అద్దం తగిలించాడు. బండి రెండొందల యాభై సీసీది. ఊళ్ళో అందరూ తోలే మోపెడ్ల కంటే పెద్దది, బయటి దేశాలనుంచి ఓడ దిగివచ్చే ఏనుగుల కంటే చిన్నది. ఈ ముస్తాబుతో అది నిజంగానే దూరం పోయేదానిలా కనబడింది. నజీహా ఎక్కి కూర్చుని, వీపు ఆనించి, కళ్ళు మూసుకుంది. శుక్రవారం పొద్దున బయల్దేరాలి.

ఎక్కడికంటే షాట్‌కి. దక్షిణాన జెరీద్‌లో ఉప్పు పేరుకున్న పెద్ద మైదానం, దాని మధ్యనుంచి రోడ్డు. యాభై ఎనిమిదేళ్ళలో ఆమె తమ ఊరు స్ఫాక్స్ దాటింది పెళ్ళిళ్ళకీ చావులకీ, ఒకసారి రాజధానిలో ఆసుపత్రికీ. ప్రతిసారీ ఎవరో ఒకరు అవతల గడియారం చూసుకుంటూ ఉండేవారు, చేరగానే వంటింట్లోకి పంపేవారు. లుత్ఫీ ఉద్యోగం దిగి ఈ బండి కొని, ఎక్కడికి పోదాం చెప్పు అని అడిగినప్పుడు, ఆమె ఆలోచించుకోకుండా షాట్ అంది. అక్కడేముంది అన్నాడు. అక్కడ మనవాళ్ళెవరూ లేరు అంది. అతను పెద్దగా నవ్వాడు. ఆమె నవ్వలేదు.

*

మంగళవారం మధ్యాహ్నం ఆమె శనగలు నానబోస్తుంటే పెరట్లో ఇనుము కొట్టుకున్న చప్పుడైంది. వెళ్ళి చూస్తే బండికి చెరోపక్కా అల్యూమినియం పెట్టెలు. ఎవరో కువైట్‌లో పనిచేసి వచ్చినవాడు తెచ్చుకుని వాడకుండా మూలపడేశాడట, దొరికాయట, వదులుకుంటే పాపమట. లుత్ఫీ మోకాళ్ళ మీద కూర్చుని వాషర్లు వేసి నట్లు బిగిస్తున్నాడు, నోట్లో రెండు బోల్టులు. ఇవి వెనక ప్లేటు మీద కాదు, పక్కల చట్రానికి, దిండు జోలికే రాలేదు అన్నాడు బోల్టుల సందునించి.

దిండు జోలికి రాలేదు నిజమే. ఆమె కాళ్ళ జోలికి వచ్చాయి. ఫుట్‌రెస్ట్ మీద పాదం పెడితే మడమ వెళ్ళి పెట్టెకి కొట్టుకుంటోంది. పాదం కాస్త ముందుకి పెట్టుకోమన్నాడు. మూడొందల నలభై కిలోమీటర్లు పాదం ముందుకి పెట్టుకుని కూర్చోవాలన్నమాట. సరే, అంది. పెళ్ళయినప్పటినుంచి ఇలాంటి సరేలు ఆమె ఎన్ని అందో పైవాడికే ఎరుక.

సాయంత్రానికి పక్కింటి వసీలా ప్రెషర్ కుక్కరు పట్టుకొచ్చింది, పాత టవల్లో చుట్టి. షాట్ దారిలో కెబిలీ ఊళ్ళో ఉన్న కూతురికట. "అమానా, సీ లుత్ఫీ," అని అతని చేతుల్లో పెట్టింది. ఒకరు నమ్మి చేతిలో పెట్టినదాన్ని చేతులమీదుగానే చేర్చాలి, మధ్యలో ఇంకొకరికి ఇవ్వకూడదు, వద్దని తిప్పి పంపకూడదు. ఆ మాట అన్నాక ఎదురు చెప్పే మొనగాడు ఆ రోడ్డు మీద లేడు. లుత్ఫీ దాన్ని పసిపిల్లాణ్ణి తీసుకున్నట్టు తీసుకుని కుడిపెట్టెలో పడుకోబెట్టాడు. వసీలా నజీహా వంక చూడకుండా వెళ్ళిపోయింది. ఎంత పొగరు అనుకుంది నజీహా.

చీకటిపడే లోపల ఆ వీధిలోనే తోట ఉన్న హాజ్ ఖలీఫా నీళ్ళ మోటారు వచ్చింది, దారిలో గాబెస్‌లో ఉన్న మేనల్లుడి తోటకి. దాంతో ఎడమపెట్టె అడుగు నిండింది. బరువులు సమానంగా ఉండాలి గదా అని లుత్ఫీ తూకం చూస్తూ, తన చెల్లెలు మహ్బూబాకి అయిదేసి లీటర్ల నూనెడబ్బాలు రెండు కుడివైపు వేశాడు. గాబెస్‌లో నూనె దొరకదా అని నజీహా అడిగింది. మన నూనె దొరకదు అన్నాడు. ఆ మాట మీద స్ఫాక్స్ వాడితో వాదించేవాడు ఇంకా పుట్టలేదు, కాబట్టి ఆమె లోపలికెళ్ళి శనగల గిన్నె మీద మూత గట్టిగా పెట్టింది.

జనానికి సిగ్గులేదు అనుకుంది ఆ రాత్రంతా. ఒక మనిషికి పెట్టె దొరికితే చాలు, ఊరంతా దాన్లో దూరుతుంది. మొగుడి మీద కోపం కంటే వీధి మీద కోపమే ఎక్కువగా ఉంది. అతనిదేముంది, మెత్తనివాడు, కాదనలేడు. ఆ మెత్తదనం చూసే గదా అందరూ ఎక్కుతున్నారు.

*

బుధవారం ఆమె దుకాణంలో పైతోళ్ళ మూట ఇచ్చి వచ్చేసరికి దిండు గోడకి ఆనించి ఉంది. దాని స్థానంలో వెనక పెట్టె, నలుపుది, చిన్న మేకపిల్ల పట్టేంత. నాలుగు బోల్టులూ శుభ్రంగా బిగిసి ఉన్నాయి.

"గాబెస్ దాకానే," అన్నాడు లుత్ఫీ ఆమె నోరు తెరవకముందే. "గాబెస్‌లో సగం దిగిపోతుంది. అక్కడ పెట్టె తీసి దిండు పెట్టేస్తా. పానా వెంట తెస్తున్నా."

"పెట్టె ఎక్కడ పెడతావు?"

"మహ్బూబా ఇంట్లో."

"అంటే మహ్బూబా ఇంట్లో దిగాలి."

"దిగకపోతే తప్పు గదా."

"దిగితే మధ్యాహ్నం భోజనం. భోజనమయ్యాక రాత్రికి ఉండండంటుంది. ఉండకపోతే తప్పు గదా."

అతను పెట్టె తాళం తిప్పి చూపించాడు, ఎంత నున్నగా తిరుగుతోందో చూడమని.

ఏడో కిలోమీటరు దాకా పోయి వద్దామన్నాడు, కూర్చుంటే తెలుస్తుందని. ఆమె ఎక్కడానికే అయిదు నిమిషాలు పట్టింది. పక్కపెట్టెల మీదనుంచి కాలు లేవదు, వెనక పెట్టె అడ్డం. చివరికి పెరటి మెట్టు పక్కకి బండి తెచ్చి, అతని భుజం పట్టుకుని, పావడా కుచ్చెళ్ళు చేత్తో ఎత్తిపట్టుకుని సందులోకి దిగింది. ముందు అతని వీపు, వెనక పెట్టె అంచు. తా దూర కంత లేదు, మెడకో డోలు అన్నట్టుంది వ్యవహారం. స్ఫాక్స్ రోడ్ల మీద ప్రతి బడికీ ప్రతి మసీదుకీ ప్రతి పలుకుబడిగల మనిషి గుమ్మానికీ ఒక స్పీడ్ బ్రేకరు ఉంటుంది. ఒక్కొక్కటి దాటినప్పుడల్లా పెట్టె అంచు సరిగ్గా ఆమె నొప్పి ఉన్నచోటే పొడిచింది. ఆమె కుట్టిన సీటు మాత్రం వెన్నలా ఉంది. ఏం లాభం. ఏడో కిలోమీటరు చేరకముందే ఎడమకాలు తనది కాకుండాపోయింది.

తిరిగొచ్చాక ఆమె దిగలేకపోయింది. లుత్ఫీ చంకల్లో చేతులు వేసి లేపి నిలబెట్టాడు. గోడ పట్టుకుని ఆమె కాలు విదిలించుకుంటుంటే, అతను గడ్డం గోక్కుని, తనకో ఉపాయం తోచిందన్నాడు. ఆమె గాబెస్ దాకా లువాజ్‌లో, అద్దె వ్యానులో, వస్తే? తెలిసిన డ్రైవరే, ఎనిమిదిమంది నిండగానే కదులుతుంది, ముందు సీటు ఉంచమని చెబుతాడు. మెత్తటి సీటు, వీపుకి ఆనుడు. సామాను బండి మీద అతను తెస్తాడు. గాబెస్ దాటాక ఇద్దరూ బండి మీద.

నజీహా కాలు విదిలించుకోవడం ఆపింది.

"అంటే నేను వ్యానులో, వసీలా కుక్కరు నా సీట్లో."

"అలా అనకు. అమానా అది. వేరేవాళ్ళ చేతికి ఇవ్వకూడదు."

"మా నాన్న కూడా నీ చేతిలో ఒకటి పెట్టాడయ్యా. ముప్పై నాలుగేళ్ళయింది. అందరి ముందరా అమానా అనే అన్నాడు. దాన్ని మాత్రం వ్యానెక్కించి పంపుతావు."

"నువ్వు పగిలే సరుకువి కాదులే," అన్నాడు లుత్ఫీ నవ్వుతూ.

సరసానికే అన్నాడు. అది ఆమెకీ తెలుసు. అయినా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అవి కనిపించకుండా వంగి పావడాకి అంటిన గ్రీజు చూసుకుంది. తను ఈ సీటు కోసం మూడు రాత్రులు కుట్టింది. మూడు రాత్రులూ సూది దిగినచోటల్లా ఇక్కడ నేను కూర్చుంటాను అనుకుంటూ కుట్టింది.

*

గురువారం పొద్దున్నే అతను సామాను కట్టే పట్టీలు కొనడానికి బజారుకి పోగానే, నజీహా కుడిపెట్టె తెరిచి కుక్కరు తీసి చంకన పెట్టుకుంది. వసీలాకి చెప్పాల్సిన మాటలు వరసగా పేర్చుకుంది. తిప్పి పంపకూడదని మగవాళ్ళు అనుకుంటారేమో, తను అనుకోదు. కెబిలీలో కుక్కర్లు అమ్మరా అని మొదలుపెట్టి, మా నడుములు నీకు బల్లకట్లా అని ముగించాలని.

వసీలా తలుపు తీసి కుక్కరు చూడగానే మొహం వెలిగిపోయింది. రెండు చేతులా అందుకుంది.

"తెచ్చావా తల్లీ? దేవుడు నీకు మేలు చేయ. మంగళవారంనించి శనగలు మామూలు గిన్నెలో ఉడికిస్తున్నా. పొద్దునెక్కిస్తే అసర్ నమాజు వేళకి కూడా మెత్తబడటం లేదు. గ్యాసంతా దానికే."

నజీహా పేర్చుకున్న వరస చెదిరిపోయింది. "మీ అమ్మాయికి గదా?"

"మా అమ్మాయికి రెండున్నాయి." వసీలా గొంతు తగ్గించింది. "ఏం చెప్పను నజీహా. సీ లుత్ఫీ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. దక్షిణానికి పోతున్నా, కెబిలీకి ఏమన్నా ఉందా లల్లా వసీలా అన్నాడు. లేదన్నాను. ఏమీ లేదా, చిన్నదైనా ఫర్వాలేదు అన్నాడు. మళ్ళీ లేదంటే ఎలా? ఆ మొహం చూస్తే ఏడిపించినట్టుంటుంది. చేతికందింది ఇదే. నీకు చెబుదామనుకున్నా, నీ మొహం చూడటానికే సిగ్గేసింది."

లోపలికి రమ్మన్నా వెళ్ళకుండా నజీహా తిన్నగా హాజ్ ఖలీఫా తోట గేటు దగ్గరికి నడిచింది. ముసలాయన బాదంచెట్ల పాదులు తవ్వుతున్నాడు. మోటారు సంగతి అడిగితే పార మీద చెయ్యి ఆనించి నవ్వాడు. మేనల్లుడి లారీ ప్రతి శనివారం ఈ గేటు ముందే ఆగుతుంది, మోటారు దాన్లోనే పోవాలి. మీ ఆయనే వచ్చి, నేనుండగా లారీ ఎందుకు హాజ్ అన్నాడు. అంత ఆశగా అడిగితే మాట తీసేయలేకపోయాను. ఆమె అక్కడినుంచే మహ్బూబాకి ఫోను చేసింది. నూనెడబ్బాలా, పోయినవారమే మా తమ్ముడు నాలుగు పంపాడుగా, పెట్టుకోవడానికి చోటు లేదు వదినా అంది ఆవిడ. ఎప్పుడొస్తున్నారు, ఎంతమందికి వండాలి అని కూడా అడిగింది. రావటం లేదు అని చెప్పి నజీహా ఫోను పెట్టేసింది.

మూడు రోజులుగా వీధి మీద పెట్టుకున్న కోపమంతా దిక్కులేనిదై నడిరోడ్డు మీద నిలబడింది. ఎవరూ ఎక్కలేదు. ఇతనే వంగి, ఎక్కండి బాబూ ఎక్కండి అని ఇంటింటికీ తిరిగాడు. హాజ్ తోట కూలీ చేత మోటారు తిప్పి పంపించేసింది. నూనెడబ్బాలు వంటింట్లోకి మోసుకుపోయింది. మూడు పెట్టెల మూతలూ బార్లా తెరిచి, ముక్కాలిపీట వేసుకుని పెరట్లో కూర్చుంది.

లుత్ఫీ పట్టీలు భుజాన వేసుకుని వచ్చాడు. ఒక పెట్టెలోకి తొంగిచూశాడు. రెండోదాంట్లోకి, మూడోదాంట్లోకి. అడుగున చెయ్యి పెట్టి కూడా చూశాడు.

"ఖాళీ," అన్నాడు.

"ఖాళీయే. ఎవరి సామాను వాళ్ళకి ఇచ్చేశాను. అందరూ నాకు దణ్ణాలు పెట్టారు."

అతను మెట్టు మీద కూర్చున్నాడు. పట్టీల మీది కాగితం లేబుల్ గోకాడు. ఆమె అరవాలనుకుంది. కానీ అతని చెవులు ఎర్రబడి ఉండటం చూసి ఎందుకలా చేశావని మాత్రం అడిగింది.

ముప్పై ఒక్కేళ్ళు గూడ్సు యార్డులో ఉన్నానన్నాడు. ఒక వ్యాగను ఖాళీగా పోతే పైనుంచి సంజాయిషీ అడిగేవాళ్ళని. పెట్టెలు ఖాళీగా పోతుంటే తనకి నిద్రపట్టదని.

"అది కాదు," అంది నజీహా.

కాదని అతనికీ తెలుసు. మళ్ళీ లేబుల్ గోకాడు.

"కాఫీ కొట్టు దగ్గర అడిగారు. బండికి ఈ హంగంతా ఏమిటి, ఎక్కడికి ప్రయాణం అని. జెరీద్ అన్నాను. ఏం పని మీద అన్నారు. ఏం చెప్పను? చెల్లెలికి నూనె ఇవ్వాలన్నాను. దానికి అంత దూరమా అన్నారు. ఇంకా ఉన్నాయి, ఊరివాళ్ళవి అన్నాను. అన్నాక, ఉండాలిగా మరి."

"నా పెళ్ళానికి షాట్ చూపించడానికి పోతున్నా అనాల్సింది."

"అరవై రెండేళ్ళ ముసలాడు పెళ్ళాన్ని వెనకేసుకుని ఉప్పు చూడ్డానికి పోతున్నాడని కొట్టంతా నవ్వుకోవాలి."

"నవ్వుకోనీ."

"నీకేం, నువ్వు కాఫీ కొట్టుకి పోవుగా."

"పోను. నేనెక్కడికీ పోను లుత్ఫీ. అదేగా నే చెప్పేది."

అతను లేచి బయటికి వెళ్ళిపోయాడు. ఆమె పీట మీదే ఉండిపోయింది. రేపు ఇక ప్రయాణం లేదు అనుకుంది. పోనీ అనుకుంది. కానీ లోపలికి వెళ్ళి రెండు జతల బట్టలు సంచిలో పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది.

*

శుక్రవారం ఆమె లేచేసరికి అతను పెరట్లో ఉన్నాడు. వెనక పెట్టె తీసి గోడవార పెట్టాడు, దిండు బిగించాడు. పక్కపెట్టెలు మాత్రం ఉంచాడు. కొన్నవి గదా అన్నాడు ఆమె అడక్కపోయినా. సంచి కుడిపెట్టెలో వేసి మూత మూసి, ఊపి చూసి, దడదడలాడుతోందని మొహం చిట్లించాడు. దుప్పటి ఏదైనా కుక్కనా అన్నాడు. వద్దంది. నీళ్ళ డబ్బా అన్నాడు. దారిలో నీళ్ళు అమ్ముతారంది. ఎడమపెట్టె మూత మీద ఒకసారి చెయ్యి వేసి, బండి ఎక్కాడు. నిన్నటి సంగతి ఇద్దరూ ఎత్తలేదు. కాఫీ కొట్టు ముందు నుంచి పోకుండా చుట్టు తిప్పి తీసుకెళ్ళాడు. అది ఆమె గమనించింది. మనసు చివుక్కుమంది.

ఊరు దాటాక రోడ్డు బారుగా సాగింది. రెండువైపులా ఆలివ్ చెట్లు వరసలు వరసలుగా, దువ్వినట్టు. నడుము నొప్పి లేదు. గాలి అద్దం మీదుగా వచ్చే గాలి ఆమె తలగుడ్డ అంచుని మాత్రం లాగుతోంది. మహ్రెస్ ఊరు రాకముందే రౌండ్‌ఎబౌట్ దగ్గర బళ్ళు తనిఖీ చేసే గార్డులు చెయ్యి ఊపి ఆపారు. ముందున్న లువాజ్ నెత్తిన పరుపులూ కుర్చీలూ గుట్టలా ఉన్నాయి, దాన్ని చూడనైనా చూడకుండా పొమ్మన్నారు.

పడుచు గార్డు కాగితాలు చూసి, పెట్టెలు తెరవమన్నాడు. ఎడమది తెరిచాడు లుత్ఫీ. గార్డు లోపలికి చూసి, వేళ్ళతో అడుగు కొట్టి విన్నాడు. కుడిది తెరిచాడు. సంచి.

"ఇంతేనా?"

"ఇంతే."

"హాజ్, నేనీ రోడ్డు మీద మూడేళ్ళనుంచి నిలబడుతున్నా. నిండు పెట్టెలతో పోయేవాళ్ళని చూశాను. ఇంత పెద్ద పెట్టెలు ఖాళీగా పెట్టుకుని దక్షిణానికి పోయేవాడు అక్కడ సరిహద్దునుంచి ఏదో దొంగసరుకు నింపుకు రావడానికే పోతాడు. పెట్రోలా, సిగరెట్లా?"

లుత్ఫీ వెనక్కి తిరిగి నజీహా వంక చూశాడు. ఆ చూపులో చెప్పానా అన్నది పెద్దక్షరాలతో ఉంది. కుక్కరుంటే ఈ పాటికి మహ్రెస్ దాటేవాళ్ళం అన్నది కూడా ఉంది. నజీహాకి ఇక ఓపిక లేదు. నిండితే నడుము విరుగుతుంది, ఖాళీ అయితే దొంగలవుతారు. ఈ దేశంలో ఒక మనిషి ఊరికే ఎక్కడికైనా పోవడానికి ఏం కట్టుకుని పోవాలో ఎవరైనా చెబితే బాగుండు.

"ఎక్కడికి?" అన్నాడు గార్డు.

"జెరీద్."

"ఏం పని మీద?"

లుత్ఫీ గొంతు సవరించుకున్నాడు. ఆ సవరింపు ఆమెకి తెలుసు. మహ్బూబాకి ఒంట్లో బాగాలేదంటాడు, లేకపోతే ఎవరో పోయారంటాడు. రెండిట్లో ఏది చెప్పినా గార్డు అయ్యో అని వదిలేస్తాడు. అప్పుడు ఇది కూడా చావు ప్రయాణమే అవుతుంది. ఆమె దిండుకి ఆనుకున్న వీపు తీసేసి, దిగిపోవడానికి అన్నట్టు పాదం నేలకి జార్చింది.

"పనేం లేదు," అన్నాడు లుత్ఫీ. "మా ఆవిడకి షాట్ చూపించాలి."

"అక్కడ మీవాళ్ళున్నారా?"

"లేరు."

"వైద్యానికా?"

"కాదు. ఉప్పు చూసి వచ్చేస్తాం."

గార్డు కాసేపు అతన్నీ ఆమెనీ మార్చి మార్చి చూశాడు. తర్వాత కారు నీడలో కూర్చుని టీ తాగుతున్న పెద్ద గార్డుని కేకేసి, ఈయన ఉప్పు చూడ్డానికి పోతున్నాట్ట, ఖాళీ పెట్టెలతో అన్నాడు. పెద్దాయన గ్లాసు పట్టుకునే వచ్చాడు. ఏమిటి సంగతి అని లుత్ఫీనే అడిగాడు. వెనక ఇంకో లువాజ్ వచ్చి ఆగింది, కిటికీలు దించి ఉన్నాయి, ఎనిమిదిమందీ వింటున్నారు.

"నా భార్యకి షాట్ చూపించడానికి తీసుకెళుతున్నానయ్యా," అన్నాడు లుత్ఫీ ఈసారి గట్టిగా, వెనక కిటికీల దాకా వినపడేలా. "ఎప్పుడూ ఏదీ అడగలేదు, ఇదొక్కటి అడిగింది. పెట్టెల్లో ఏమీ లేదు. సీటు మాత్రం తనే కుట్టుకుంది, కావాలంటే అదీ చూసుకోండి."

వ్యానులో ఎవరో కిసుక్కుమన్నారు. లుత్ఫీ చెవులు ఎర్రబడ్డాయి. అయినా తల దించలేదు. పెద్ద గార్డు నిజంగానే వంగి సీటు చూశాడు, కుట్టు మీద వేలు నడిపి బాగుందన్నాడు. కాగితాలు మాత్రం కారులోకి పట్టుకుపోయి, రేడియోలో నంబరు చెప్పి, జవాబు కోసం కూర్చున్నాడు. ఆ జవాబు రావడానికి ముప్పావు గంట పట్టింది. ఆ లువాజ్ పోయింది, ఇంకో నాలుగు పోయాయి. నజీహా రోడ్డు పక్క సున్నం వేసిన రాయి మీద కూర్చుని కాలు చాపుకుంది. లుత్ఫీ నిలబడలేక, కూర్చోలేక, బండి చుట్టూ తిరుగుతూ గడియారం చూసుకున్నాడు. ఆమె తన చేతికి గడియారం లేదన్న సంగతి అప్పుడు గమనించింది. పొద్దున పెట్టుకోవడం మరిచిపోయినట్టుంది.

కాగితాలు తిరిగొచ్చాయి. లుత్ఫీ పెట్టెల మూతలు దభీదభీమని మూశాడు.

"గంట పోయింది. ఆలస్యమైపోయింది," అన్నాడు విసుగ్గా, ఆమె ఎక్కడానికి భుజం వంచుతూ.

ఆమె ఎక్కి కూర్చుని, తలగుడ్డ సర్దుకుంది.

"దేనికి?" అంది.

లుత్ఫీ చెప్పడానికి నోరు తెరిచాడు. ఆలోచించాడు. గాబెస్‌లో ఎవరూ వండిపెట్టి కూర్చోలేదు. కెబిలీలో ఎవరూ గుమ్మం వైపు చూడటం లేదు. బండి స్టార్టు చేశాడు.